న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ రక్త పరీక్షలు: కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఒక ల్యాబ్‌లో, బయోకెమిస్ట్రీ విభాగంలో పనిచేస్తాను. భూపాలపల్లి, మంచిర్యాల, జగిత్యాల, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు రిపోర్టు చేతికి రాగానే కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ మందు వాడాలి, ఎప్పుడు ఆపరేషన్ చేయాలి అన్నది మీ డాక్టర్ చూసుకుంటారు. పరీక్ష ఎలా పనిచేస్తుంది, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నది మాత్రం నేను చెప్పగలను. ఒక్క అంకె చూసి రాత్రంతా నిద్రపోని కుటుంబాలు చాలా ఉన్నాయి. అందులో సగం టెన్షన్ అక్కర్లేనిదని నా నమ్మకం.

ఇది ఏ రకం ట్యూమర్? దీని జాడ రక్తంలో ఎందుకు కనిపిస్తుంది?

మన ఒంట్లో హార్మోన్లు తయారుచేసే కణాలు పేగులు, ప్యాంక్రియాస్, ఊపిరితిత్తులు, కడుపు లోపలి పొర, ఇలా చాలాచోట్ల చెదిరి ఉంటాయి. ఆ కణాల్లో పుట్టే గడ్డే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. పుట్టిన కణాల గుణం దీనికీ ఉంటుంది కాబట్టి కొన్ని పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. వాటిని కొలిచేవే ఈ మార్కర్ పరీక్షలు. కొన్ని గడ్డలు హార్మోన్‌ను బాగా వదిలి ముఖం ఎర్రబడటం, నీళ్ల విరేచనాలు, షుగర్ పడిపోవడం లాంటి లక్షణాలు తెస్తాయి. చాలావరకు మాత్రం ఏ లక్షణమూ లేకుండా ఏళ్లతరబడి ఉండి, వేరే కారణంతో చేసిన స్కాన్‌లో బయటపడతాయి.

డాక్టర్ రాసిన ‘సీజీఏ’ పరీక్ష ఏమిటి?

క్రోమోగ్రానిన్ ఏ. హార్మోన్లు తయారుచేసే కణాల్లో, ఆ హార్మోన్ దాచి ఉండే చిన్న సంచుల్లోని ప్రొటీన్ ఇది. కణం హార్మోన్‌ను వదిలినప్పుడు ఇదీ దాంతోపాటు రక్తంలోకి వస్తుంది. హార్మోన్ లక్షణాలు లేని గడ్డలు కూడా దీన్ని వదలగలవు కాబట్టి ఎక్కువమందికి ఇదే రాస్తారు. మామూలు కణాలూ దీన్ని వదులుతాయి. చిక్కంతా అక్కడే వస్తుంది.

మా బాపుకు సీజీఏ 900 వచ్చింది. గడ్డ అంత పెద్దగా ఉన్నట్టా?

అలా లెక్కకట్టలేం. సీజీఏ గడ్డ సైజును కొలవదు, గడ్డ వదిలే పదార్థాన్ని కొలుస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో గాలిలోని ఘాటును బట్టి ఎన్ని మిర్చి బస్తాలు వచ్చాయో చెప్పలేం కదా. తేజ రకమైతే కొన్ని బస్తాలకే కళ్లలో నీళ్లొస్తాయి, ఘాటు తక్కువ రకమైతే యార్డు నిండినా అంత తెలియదు. గడ్డలూ అంతే. ఒకరికి చిన్న గడ్డే బోలెడంత సీజీఏ వదులుతుంది, ఇంకొకరికి లివర్ నిండా మచ్చలున్నా అంకె నార్మల్ దగ్గరే ఉంటుంది.

మొత్తం మీద చూస్తే, వ్యాధి లివర్‌కు పాకినవాళ్లలో అంకె ఎక్కువగా ఉండటం, గడ్డ ఒక్కచోటే చిన్నగా ఉన్నవాళ్లలో నార్మల్‌గా ఉండటం సాధారణమే. ఆ పోలిక వందలమందిని కలిపి చూసినప్పుడు పనికొస్తుంది. మీ బాపు ఒక్కరి విషయంలో 900కు ఇన్ని సెంటీమీటర్లు అనే లెక్క ఏదీ లేదు. సెంటీమీటర్లు కావాలంటే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ చూడాలి.

ఆయన గ్యాస్ గోలీ వేసుకుంటారు. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

పాంటొప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ లాంటి గోలీలు కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తాయి. యాసిడ్ తగ్గగానే శరీరం దాన్ని మళ్లీ పెంచుదామని గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. గ్యాస్ట్రిన్ పెరిగితే కడుపు పొరలోని కొన్ని న్యూరోఎండోక్రైన్ కణాలు ఉత్తేజమవుతాయి. అవి సీజీఏను వదులుతాయి. అంటే ఒంట్లో ఏ ట్యూమరూ లేని మనిషికి కూడా గ్యాస్ గోలీ వల్ల సీజీఏ నార్మల్‌కు కొన్ని రెట్లు పెరగొచ్చు. కొద్దిరోజులు వాడినా ఈ పెరుగుదల మొదలవుతుంది, ఏళ్లుగా వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ.

మన దగ్గర ఈ గోలీ వాడని ఇల్లు తక్కువ. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా చీటీలో మొదటి మందు అదే ఉంటుంది. పొద్దున చాయ్ కంటే ముందు వేసుకునేవాళ్లు దాన్ని మందుగానే లెక్కపెట్టరు. “ఏమైనా మందులు వాడుతున్నారా?” అని అడిగితే బీపీ, షుగర్ మందుల పేర్లు చెప్తారు, ఇది చెప్పరు. అందుకే నేను విడిగా “గ్యాస్ గోలీ వేసుకుంటారా?” అని అడుగుతాను. మీరూ ఇంట్లో పెద్దవాళ్లను అలాగే అడగండి. పాన్ 40, పాన్ డీ, ఒమెజ్ లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి.

అయితే పరీక్షకు ముందు గోలీ ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఆపినా ఇబ్బంది లేదని డాక్టర్ అనుకుంటే, రక్తం ఇవ్వడానికి కనీసం 2 వారాల ముందు ఆపమంటారు. ఆ రెండు వారాలు మంట తట్టుకోలేనివాళ్లకు ఫామోటిడిన్ లాంటి వేరే రకం మందు ఇచ్చే వీలుంటుంది, దాని ప్రభావం సీజీఏ మీద తక్కువ. దాన్ని కూడా పరీక్షకు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్తారు.

కొందరికి ఆపడమే ప్రమాదం. కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్లు, గుండె స్టెంట్ తర్వాత రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా గ్యాస్ట్రినోమా ఉన్నవాళ్లు. గ్యాస్ట్రినోమా అనేది గ్యాస్ట్రిన్‌ను వదిలే ట్యూమర్. ఇందులో యాసిడ్ విపరీతంగా ఊరుతుంది, గోలీ హఠాత్తుగా ఆపితే పేగుకు రంధ్రం పడే దాకా పోవచ్చు. ఆపడం కుదరని పేషెంట్ విషయంలో గోలీ వాడుతూ తీసిన అంకె అని రిపోర్టు మీద రాయిస్తే చాలు. ప్రతిసారీ అదే గోలీ, అదే డోసు ఉంటే పోల్చుకోవడానికి కొంతైనా వీలవుతుంది.

గోలీ కాకుండా సీజీఏను పెంచేవి ఇంకేమున్నాయి?

కిడ్నీ. సీజీఏ బయటికి పోయే దారి కిడ్నీలే, అందుకే కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ పెరిగినవాళ్లలో సీజీఏ కూడా బాగా పెరుగుతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఈ పరీక్షతో దాదాపు ప్రయోజనం ఉండదు. సీజీఏతో పాటు అదే రోజు క్రియాటినిన్ కూడా చేయించుకోండి, ఖర్చు చాలా తక్కువ.

కడుపు పొర పలుచబడే దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్ ఇంకో కారణం. బీ12 తగ్గిందని ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో కొందరికి ఇది ఉంటుంది. గుండె వైఫల్యం, స్టెరాయిడ్ మందులు, పేగు వాపు జబ్బులు, ప్రొస్టేట్, లివర్ క్యాన్సర్లు కూడా అంకెను పెంచగలవు. రక్తం ఇచ్చే ముందు భోజనం చేసినా, బాగా శ్రమపడినా కొద్దిగా తేడా వస్తుంది, కాబట్టి పరగడుపున రండి, వచ్చి కాసేపు కూర్చోండి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని కిట్లలో ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

పోయినసారి హైదరాబాద్‌లో 180, ఈసారి వరంగల్‌లో 310. జబ్బు పెరిగినట్టేనా?

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఏమీ తేల్చలేం. సీజీఏకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే కొలత లేదు. ఒక్కో కంపెనీ కిట్ ఈ ప్రొటీన్‌లోని ఒక్కో ముక్కను పట్టుకుంటుంది. ఒకే మనిషి రక్తాన్ని రెండు కిట్లలో పెడితే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. నార్మల్ హద్దు కూడా కిట్‌ను బట్టి మారుతుంది. కొన్ని రిపోర్టులు నానోగ్రాముల్లో, కొన్ని నానోమోల్స్‌లో వస్తాయి.

ఇంకో సంగతి. వరంగల్‌లో ఇచ్చిన సాంపిల్ చాలాసార్లు ఇక్కడ చేయరు. సెంటర్‌లో రక్తం తీసి, సీరం వేరుచేసి, చల్లగా ప్యాక్ చేసి పెద్ద ల్యాబ్‌కు పంపుతారు. కాబట్టి బోర్డు మీది పేరు ఒకటే అయినా పరీక్ష జరిగే చోటు మారొచ్చు. “ఇది ఏ ల్యాబ్‌లో చేస్తారు, ఏ కిట్, పోయినసారి కూడా అదేనా?” అని అడగడం మీ హక్కు. మొహమాటపడొద్దు. డిస్కౌంట్ ఉందని ప్రతిసారీ ల్యాబ్ మారిస్తే వరుసంతా తెగిపోతుంది, ఆ డబ్బు వృథా.

ల్యాబ్ మార్చక తప్పకపోతే కొత్తచోట వచ్చిన అంకెను మొదటి అంకెగా లెక్కపెట్టుకొని అక్కడి నుంచి పోల్చండి.

సరే, ఒకే ల్యాబ్, ఒకే కిట్. ఎంత పెరిగితే పట్టించుకోవాలి?

140 నుంచి 155 కావడం పెరుగుదల కాదు, రోజువారీ ఊగిసలాట. ఒక ఆటోమేటెడ్ కిట్ విషయంలో రెండు పరీక్షల మధ్య అంకె 50 శాతానికి మించి పెరిగి, పెరిగాక 100 నానోగ్రాములు దాటితే జబ్బు ముదురుతోందేమోనని చూడాలన్న హద్దు పెట్టారు. అన్ని కిట్లకూ అదే హద్దు వర్తించదు గానీ, ఎంత తేడాను తేడాగా చూడాలో ఒక అందాజా దొరుకుతుంది. అంత పెరిగినా మొదటి పని గ్యాస్ గోలీ, క్రియాటినిన్, ల్యాబ్ మార్పు లాంటివి ఉన్నాయేమో చూసుకోవడం. అవేవీ లేకపోతే డాక్టర్ పరీక్ష మళ్లీ చేయిస్తారు, లేదా స్కాన్ ముందుకు జరుపుతారు. రక్తంలో అంకె ఒక్కటే పెరిగిందని చికిత్స మార్చడం సరికాదు.

సీజీఏ నార్మల్ వచ్చింది. ఇక జబ్బు లేనట్టే కదా?

అలా అనుకోకండి. చిన్న గడ్డలు, ఇన్సులినోమాలు (ఇన్సులిన్‌ను వదిలే గడ్డలు), పురీషనాళంలో పుట్టే గడ్డలు చాలాసార్లు సీజీఏను పెంచవు. వేగంగా పెరిగే, ముదిరిన రకంలో కణాలు తమ అసలు గుణాన్ని పోగొట్టుకొని సీజీఏ తయారుచేయడమే మానేస్తాయి. అక్కడ తక్కువ అంకె మంచి కబురు కాదు. మొదట్లోనే, స్కాన్‌లో గడ్డ స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు సీజీఏ నార్మల్‌గా ఉంటే, ఆ పేషెంట్‌కు ఈ మార్కర్ పనికిరాదని అర్థం. మళ్లీమళ్లీ చేయించడంలో ఉపయోగం లేదు. ఆ మాట డాక్టర్‌ను నేరుగా అడగండి: “సార్, మా కేసులో ఇది పనికొస్తుందా?”

5-హెచ్ఐఏఏ పరీక్షకు టమాట, వంకాయ ఎందుకు తినొద్దన్నారు?

చిన్నపేగు చివర పుట్టే గడ్డలు ఎక్కువగా సెరటోనిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. శరీరం దాన్ని విరగ్గొట్టాక మిగిలేది 5-హెచ్ఐఏఏ, అది మూత్రంలో పోతుంది. ముఖం వేడెక్కి ఎర్రబడటం, విరేచనాలు, ఆయాసం ఉన్నవాళ్లలో ఈ పరీక్షకు విలువ ఎక్కువ. ఆ లక్షణాలు ఎక్కువగా వ్యాధి లివర్‌కు చేరాకే వస్తాయి.

అయితే కొన్ని తిండి పదార్థాల్లో సెరటోనిన్ సహజంగానే ఉంటుంది. అరటిపండు, పైనాపిల్, టమాట, వంకాయ, అక్రోట్, ఆలూబుఖారా, కివీ. వీటిని సాంపిల్ మొదలుపెట్టే ముందు 2, 3 రోజులు, సాంపిల్ పట్టే రోజు కూడా మానేయాలి. మన వంటింట్లో టమాట లేకుండా మూడు రోజులంటే కష్టమే. పప్పు, బీరకాయ, సొరకాయ, చింతపండుతో చారు, పెరుగుతో గడిపేయండి. పెళ్లిళ్లు, పండుగలు ఉన్న వారంలో ఈ పరీక్ష పెట్టుకోవద్దు. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఇంటికొచ్చినవాళ్లు ప్లేటు చేతికిస్తే కాదనడం ఎవరి వల్లా కాదు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్, గ్వాయిఫెనెసిన్ ఉన్న దగ్గు టానిక్ కూడా కొన్ని పద్ధతుల్లో అంకెను పెంచి చూపిస్తాయి.

ఈ పరీక్షకు 24 గంటల మూత్రం ఎలా పట్టాలి?

పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని డబ్బాలో పట్టకుండా వదిలేసి, టైం రాసుకోండి. ఆ తర్వాత పగలు, రాత్రి వచ్చే ప్రతి చుక్కా డబ్బాలోకే పోవాలి. మరుసటి రోజు అదే టైంకు వచ్చే మూత్రం కూడా కలిపితే పూర్తయినట్టు. ల్యాబ్ ఇచ్చే డబ్బాలో ముందే యాసిడ్ ఉండొచ్చు, దాన్ని పారబోయొద్దు, నేరుగా అందులో పోయొద్దు. శుభ్రమైన మగ్గులో పట్టి నెమ్మదిగా పోయాలి. పిల్లలకు అందకుండా పెట్టండి. డబ్బాకు వెలుతురు తగలకూడదు, చల్లగా ఉండాలి. రామగుండం, మంచిర్యాల వైపు ఎండాకాలంలో బస్సులో డబ్బా పట్టుకొని వచ్చేవాళ్లు ఐస్ ప్యాక్ పెట్టిన సంచిలో తేవాలి. మధ్యలో ఒక్కసారి పట్టడం మరిచిపోయినా సరే, చెప్పండి, మళ్లీ మొదలుపెడదాం. తక్కువ పట్టిన సాంపిల్ జబ్బు తగ్గినట్టు చూపిస్తుంది.

ఈ తిప్పలు లేకుండా ఇదే పదార్థాన్ని రక్తంలో కొలిచే పద్ధతి కూడా ఉంది, దొరికే ల్యాబ్‌లు తక్కువ. తిండి నియమాలు దానికీ వర్తిస్తాయి.

పేగు జబ్బుకు గుండె పరీక్ష ఎందుకు రాశారు?

ఎక్కువ సెరటోనిన్ ఏళ్లతరబడి రక్తంలో తిరిగితే గుండె కుడివైపు కవాటాలు బిరుసెక్కుతాయి. అందుకే 5-హెచ్ఐఏఏ పెరిగినవాళ్లకు ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్త పరీక్ష, ఎకో చేయిస్తారు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 260 దాటితే ఎకో తప్పకుండా చూడాలన్న హద్దును చాలామంది నిపుణులు వాడతారు. కాళ్ల వాపు మొదలైందంటే ఇంక ఆగొద్దు.

గ్యాస్ట్రిన్, ఇన్సులిన్, కాల్సిటోనిన్ కూడా చేయించాలా?

లక్షణం ఉంటేనే. షుగర్ పడిపోయి చెమటలు, మైకం వస్తుంటే ఇన్సులిన్, దాంతోపాటే విడుదలయ్యే సీ-పెప్టైడ్. ఇవి హాస్పిటల్‌లో ఉపవాసం ఉంచి, షుగర్ 55 కంటే తగ్గినప్పుడు తీసిన సాంపిల్‌లోనే అర్థవంతం. ఊరికే ఒక పొద్దున ఇన్సులిన్ చేయించుకుంటే ఏమీ తెలియదు. మానని కడుపు పుండ్లకు గ్యాస్ట్రిన్, నీళ్లలాంటి విరేచనాలతో పొటాషియం పడిపోతుంటే వీఐపీ అనే పేగు హార్మోన్. మెడలో మెడులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు కాల్సిటోనిన్, సీఈఏ అనే ఇంకో మార్కర్. ఆ జబ్బులో మాత్రం కాల్సిటోనిన్ చాలా నమ్మదగ్గ మార్కర్, అది రెట్టింపు కావడానికి పట్టే కాలం 6 నెలల కంటే తక్కువైతే డాక్టర్లు గట్టిగా తీసుకుంటారు. బీపీ హఠాత్తుగా పెరిగి గుండెదడ వస్తుంటే అడ్రినలిన్ విరిగాక మిగిలే మెటానెఫ్రిన్లు, అవి పడుకోబెట్టి కాసేపయ్యాక తీయాలి. అన్నీ కలిపిన పెద్ద ప్యాకేజీ ఎవరైనా అంటగడితే వద్దనండి.

‘గ్రేడ్ 3’ అన్నారు. అది ఏ పరీక్షలో తెలుస్తుంది?

గ్రేడ్‌ను రక్తం చెప్పదు, బయాప్సీ ముక్కలో కేఐ-67 అనే పరీక్ష చెప్తుంది. విభజన చెందుతున్న కణాలు 3 శాతంలోపైతే గ్రేడ్ 1, 3 నుంచి 20 దాకా గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. గడ్డ ఎంత వేగంగా పెరుగుతుందో ఊహించడానికి ఏ రక్త పరీక్ష కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. వేగంగా పెరిగే రకంలో ఎన్ఎస్ఈ, ఎల్‌డీహెచ్ అనే రక్త పరీక్షలు చూస్తారు. సాంపిల్‌లో ఎర్రరక్తకణాలు పగిలితే ఎన్ఎస్ఈ ఉత్తినే పెరుగుతుంది. నరం దొరక్క రెండు మూడుసార్లు గుచ్చి తీసిన రక్తమైతే మళ్లీ ఇవ్వడం మేలు.

నెలనెలా ఇంజెక్షన్ మొదలుపెట్టాక సీజీఏ సగమైంది. గడ్డ సగమైనట్టా?

కాదు, కానీ ఇది మంచి కబురే. ఆక్ట్రియోటైడ్, లాన్‌రియోటైడ్ ఇంజెక్షన్లు ముందు గడ్డ నోరు మూయిస్తాయి, అంటే పదార్థాలు వదలడాన్ని తగ్గిస్తాయి. గడ్డ సైజు చాలామందిలో అలాగే నిలబడుతుంది, పెరగకుండా ఉండటమే ఈ మందు చేసే మేలు. ఇంజెక్షన్ వేసిన వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి రక్తం ఇస్తే అంకెలు కలవవు. ప్రతిసారీ తర్వాతి ఇంజెక్షన్‌కు ముందు ఇవ్వడం అలవాటు చేసుకోండి.

ల్యుటీషియం-177 చికిత్స (గడ్డ కణాలకే రేడియేషన్ చేర్చే ఇంజెక్షన్) తీసుకున్నవాళ్లలో కొందరికి ఆ తర్వాత కొన్నాళ్లు సీజీఏ పెరిగి, మళ్లీ దిగుతుంది. కణాలు చచ్చి లోపలిది బయటపడటం దీనికి ఒక కారణం. చికిత్స ఫెయిలైందని అప్పుడే నిరుత్సాహపడొద్దు.

రక్త పరీక్షలు చేయించుకుంటున్నాం కదా, హైదరాబాద్ పోయి స్కాన్ చేయించుకోవాలా?

చేయించుకోవాలి. దూరం, ఖర్చు, తోడు వచ్చేవాళ్ల కూలి పోవడం నాకు తెలియనివి కావు. కాజీపేటలో పొద్దున రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, రాత్రికి తిరిగొచ్చే కుటుంబాలను చూస్తూనే ఉన్నాను. అయినా గడ్డ పెరిగిందా, కొత్తచోట వచ్చిందా అన్నది స్కానే తేలుస్తుంది. గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాన్‌లో వాడే రేడియో పదార్థం 68 నిమిషాలకు సగమైపోతుంది, అందుకే దాన్ని స్కాన్ చేసే చోటే తయారుచేసుకోవాలి. ప్రతి ఊళ్లో ఈ స్కాన్ లేకపోవడానికి అదొక కారణం. నిమ్స్‌కో, ఎంఎన్‌జేకో, ఇంకే ఆసుపత్రికో పోయేముందు ఫోన్ చేసి తేదీ ఖాయం చేసుకోండి. ఆరోగ్యశ్రీ కింద మీకు ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. ఫైల్‌లో పాత స్కాన్ సీడీలు కూడా పెట్టుకోండి, కొత్తదాన్ని పోల్చి చూడాలంటే కాగితం రిపోర్టు సరిపోదు.

ఇర్ఫాన్ ఖాన్‌కు వచ్చింది ఇదే కదా?

ఆయన తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉందని 2018 మార్చిలో ప్రకటించారు, 2020 ఏప్రిల్‌లో చనిపోయారు. స్టీవ్ జాబ్స్‌కు ప్యాంక్రియాస్‌లో ఈ రకం గడ్డ ఉందని 2003లో తేలింది, ఆయన 2011 దాకా బతికారు. ఒకే పేరున్న జబ్బు ఒక్కొక్కరిలో ఒక్కోలా నడుస్తుంది. గ్రేడ్ 1 గడ్డతో ఇరవై ఏళ్లు పనిచేసుకుంటూ బతికేవాళ్లూ ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ వార్త రాయరు.

అన్నీ ఒకేసారి చెప్పే కొత్త రక్త పరీక్ష వచ్చిందట, నిజమేనా?

నెట్‌టెస్ట్ గురించి అడుగుతున్నారనుకుంటా. ఒక పదార్థాన్ని కాకుండా 51 జన్యువుల చురుకును రక్తంలో కొలిచి, 0 నుంచి 100 మధ్య స్కోరు ఇస్తుంది. అధ్యయనాల్లో సీజీఏ కంటే మెరుగ్గా కనిపించింది. మన దగ్గర రోజువారీ వాడకంలోకి రాలేదు, ధర ఎక్కువ. అది చేయించలేకపోయామని బాధపడాల్సిన అవసరం లేదు.

అపెండిక్స్ ఆపరేషన్‌లో చిన్న గడ్డ దొరికింది. జీవితాంతం సీజీఏ చేయించాలా?

ఒక సెంటీమీటర్ లోపు ఉండి, పూర్తిగా తీసేసి, బయాప్సీలో వేరే ఇబ్బంది ఏదీ రాకపోతే సాధారణంగా ఏ ఫాలోఅప్ కూడా అక్కర్లేదు. బయాప్సీ రిపోర్టును ఒకసారి ఆంకాలజిస్టుకు చూపించి ఆ మాట ఆయన నోటితో విని రండి. అంతకంటే పెద్దదైతే సంగతి వేరు.

ఇంట్లో మిగతావాళ్లం కూడా సీజీఏ చేయించుకోవాలా?

వద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో జబ్బు వెతకడానికి ఈ పరీక్ష పనికిరాదు. గ్యాస్ గోలీ వేసుకునే పెద్దమ్మకు అంకె ఎక్కువొస్తే ఆమెను ఎండోస్కోపీలు, స్కాన్‌ల చుట్టూ తిప్పాల్సి వస్తుంది. పేషెంట్‌కు మెడులరీ థైరాయిడ్ క్యాన్సర్ గానీ, మెన్-1 లాంటి వంశపారంపర్య జబ్బు గానీ ఉన్నప్పుడు మాత్రం రక్తసంబంధీకులకు జన్యు పరీక్ష సూచిస్తారు. అది వేరే పరీక్ష. దానికి ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తోనో, డాక్టర్‌తోనో ఒకసారి కూర్చొని మాట్లాడాలి, వచ్చేటప్పుడు మూడు తరాల్లో ఎవరికి ఏ గడ్డలు, ఏ వయసులో వచ్చాయో కాగితం మీద రాసుకొని రండి.